మిషను దారం

ఎలమందకు పుట్టుకతోనే చూపు లేదు. అయినా పదిహేను వందల మీటర్ల పరుగులో జిల్లాకు నాలుగు పతకాలు తెచ్చాడు. పక్కనే దావీదు పరుగెత్తుతాడు. ఇద్దరి చేతుల మధ్య జానెడు తాడు. ఎలమందకు దారి చెప్పేది ఆ తాడే.

ఇప్పుడు ఆ తాడు మీదే అనుమానం పుట్టింది. వరసగా మూడు పోటీల్లో ఆఖరి మలుపు దగ్గరే వెనకబడ్డాడు. మూడుసార్లూ అక్కడే తాడు బిగిసింది. పైగా పక్క జిల్లా వాళ్ళతో దావీదు టీ తాగుతున్నాడని ఎవరో పుణ్యాత్ముడు చెవిన వేశాడు. ఇక చూడండి, దావీదు దగ్గినా అందులో ఏదో సైగ ఉందనిపించేది.

"నిన్న టీ ఎక్కడ తాగావ్?"

"మైదానం బయట, అన్నా."

"ఎవరితో?"

"ఎవరుంటే వాళ్ళతో. ఏం?"

"ఏం లేదులే."

ఏం లేకపోవడమేమిటి, ఆ రాత్రి నిద్రే లేదు. ఆదివారం జాతీయ జట్టు ఎంపిక. వయసేమో ముప్పై మూడు. ఇది పోతే ఇక ఇంట్లో కూర్చోవడమే.

పొద్దున్నే కోటిలింగం మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. పదేళ్ళుగా అతనికి పరుగు నేర్పుతున్నది ఆయనే.

"మాస్టారూ, నా పక్కన మనిషిని మార్చండి. వాడు నన్ను వెనక్కి లాగుతున్నాడు."

"నిజమేనా?"

"నా చేతికి తెలియదా?"

మాస్టారు వాదించలేదు. మర్నాడు మైదానానికి మిషను దారం రీలు తెచ్చారు. జానెడు తెంపి, ఒక కొస ఎలమంద వేలికి, ఇంకో కొస దావీదు వేలికి చుట్టారు.

"ఇవాళ తాడు లేదు. చేతులు కలిసి ఊగినంతసేపూ ఇది తెగదు. ఎవరు లాగినా తెగుతుంది. పూర్తి దూరం పరుగెత్తండి."

దావీదు ఏదో అనబోయి మింగేశాడు. అదీ ఎలమంద చెవిన పడింది.

మొదటి రౌండులో తెగలేదు. రెండో, మూడో రౌండుల్లోనూ తెగలేదు. కానీయ్, ఆఖరి మలుపు రానీ, అక్కడ దొరుకుతాడు అనుకున్నాడు ఎలమంద.

ఆఖరి మలుపు వచ్చింది. దారం వేలి మీద ఉందో లేదో అన్నంత వదులుగా ఉంది. పరీక్ష అని తెలుసుగా, ఇవాళ జాగ్రత్తపడుతున్నాడు దొంగ. ఎలమందకు ఒళ్ళు మండింది. మణికట్టును ఒక్క విదిలింపు విదిలించాడు.

దారం పుటుక్కున తెగింది.

కాళ్ళు అదే వేగంతో పోతున్నాయి. గోడ ఎటో, గీత ఎటో తెలియదు. చెయ్యి దానంతటదే గాల్లో వెతికింది. దొరికినదాన్ని గట్టిగా పట్టుకుని అలాగే గీత దాటాడు.

"చూశారా," అన్నాడు రొప్పుతూ. "తెగింది. నేను చెప్పలేదూ?"

"నేను లాగలేదు మాస్టారూ," అన్నాడు దావీదు.

మాస్టారు దగ్గరికొచ్చి, ఎలమంద వేలికి వేలాడుతున్న ముక్కను విప్పి తీసేశారు. ఎవరు తెంపారని అడగలేదు.

"తెగాక ఎవరి చెయ్యి వెతుక్కున్నావురా?" అన్నారు.

దావీదు మణికట్టు ఇంకా ఎలమంద గుప్పిట్లోనే ఉంది.