రెండు వీశె గుండ్లు

ఉదయం. ముసురు పట్టి వాన పడుతోంది. వేటకు వెళ్లే వీల్లేక ఏరువకోట రాజు నాగదేవరాజుకు సభలో కూర్చుంటే ఏమీ తోచడం లేదు.

కోటగోడ పక్క పాకలోంచి గలగలమని చప్పుడు వినబడింది.

"ఏమిటది?" అన్నాడు రాజు.

ధాన్యపు కొట్టు అధికారి పేరయ్య ఆ మాట కోసమే కాచుకున్నాడు. "గోడ కట్టే కూలీల పిల్లలు ప్రభూ. ఓబుళమ్మ అనే ఆయా వాళ్లను పోగేసి, మూత బిగించిన చెంబులు ఊపించి, లోపల కందులో చింతగింజలో చెప్పమంటుంది. చదువట అది. ఆ పాక నాకిప్పిస్తే గోతాలు వేసుకుంటాను."

ఓబుళమ్మను పిలిపించారు. వెంట పదకొండు మంది పిల్లలు.

పాక పోతే వాళ్లంతా తల్లుల వెంట మళ్లీ గోడ కిందికి, రాళ్లు జారే చోటికి పోవాలి. పోయిన ఏడు అక్కడే ఆమె కూతురు గున్నమ్మ కాలు నలిగింది. ఓబుళమ్మ పాక వేసింది ఆ మర్నాడే.

"ఒక్క పరీక్ష," అన్నాడు రాజు. "నెగ్గితే పాక నీది. ఓడితే పేరయ్యది."

"సరే ప్రభూ. సరుకు నేను తెస్తే మోసమంటారు. కొట్టులోంచి మీ ముద్ర వేసిన ఇత్తడి వీశె గుండ్లే తెప్పించండి. రైతుల ధాన్యం తూచి తీసుకునేది ఒకటి, మాకు బత్తెం తూచి ఇచ్చేది ఒకటి. ఏది బరువో పిల్ల చెబుతుంది."

పేరయ్యకు నవ్వాగలేదు. రెండూ వీశెలే. ఏది బరువన్నా పిల్ల ఓడినట్టే. గుండ్ల కోసం తనే మనిషిని పరిగెత్తించాడు. రెండూ ఒకటేనని ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పీ చెప్పీ ఆయనే నమ్మేశాడు.

గుండ్లు రాగానే పిల్లల్లోంచి గున్నమ్మ కుంటుకుంటూ ముందుకొచ్చింది. చేతికొకటి చొప్పున ఎత్తింది. చెవి దగ్గర ఊపింది.

"తీసుకునేది బరువు. ఇచ్చేది తేలిక. దీని కడుపులో ఏదో కదుల్తోంది."

"విన్నారా ప్రభూ," అన్నాడు పేరయ్య, "మీ ముద్రకే వంక పెడుతోంది. ఇదీ వీళ్ల చదువు."

సభ నవ్వింది. రాజు ఓబుళమ్మ వైపు చూశాడు.

"పిల్లదే తప్పయి ఉంటుంది ప్రభూ. త్రాసులో పెడితే తేలిపోతుంది. పేరయ్యగారు వద్దంటే మానేద్దాం."

పేరయ్య నవ్వు సగంలో ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

"ఈ వానలో త్రాసెందుకు ప్రభూ, తడుస్తుంది."

"సభలో వాన పడటం లేదే," అన్నాడు రాజు.

త్రాసు వచ్చింది. ఒక పళ్లెం ఠంగుమని నేలకు తగిలింది. రెండోది పేరయ్య ముక్కు దాకా లేచింది.

రాజు తేలిక గుండు తీసుకుని తనూ చెవి దగ్గర ఊపాడు. "ఏముంది పేరయ్యా ఇందులో?"

పేరయ్య రెండడుగులు వెనక్కి జరిగాడు.

"కందులు కాదు," అంది గున్నమ్మ. "ఎండిన మట్టిగడ్డ."

ఈసారి రాజే ముందు నవ్వాడు.

"పాక నీది ఓబుళమ్మా. పైన పెంకులు నేను వేయిస్తాను. ఇక ఇరవై ఏళ్లు రైతులకు తేలిక గుండు, కూలీలకు బరువు గుండు. పేరయ్యా, నీ చేతికి బరువు తెలియడం లేదు. రేపటినుంచి ఆ పాకలో చేరి చెంబులు ఊపు."

వానలోనే పిల్లల్ని పాకకు తోలుకొచ్చి, గుమ్మంలో నిలబడి ఓబుళమ్మ తలలు లెక్కపెట్టింది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే.

రేపటినుంచి పన్నెండు.