వంద ఆటలకు వంద ఊళ్లు

చందనగిరిని ఏలే కొమరభూపతికి కొత్తది ఏది కంటబడినా పాతదాని మీద మనసు విరిగిపోతుంది. ఆ ఏడు ఆయన మనసు దోచింది వినోదాధికారి ముకుందభట్టు పెట్టిన కొత్త ఏర్పాటు. నెలకు ఒక్క కాసు కడితే చాలు, ఎవరైనా సరే వినోదమంటపానికి వెళ్లి కోరిన ఆట ఆడించుకుని చూడవచ్చు. మంటపం వాకిట్లో వంద ఆటల పేర్లు రాసిన పెద్ద పలక వేలాడుతోంది.

"కాసుకు వంద ఆటలు!" అని రాజు నిండు సభలో మురిసిపోయాడు. "తోలుబొమ్మల గంగులమ్మ ఏడాది పొడుగునా ఆడేది మూడు. ఆమెకు రెండు పుట్ల మాన్యం దేనికి? తిప్పనా! ఆ మాన్యం రద్దు చేసి భట్టుగారి పేర రాసెయ్."

రాయసం తిప్పన రాజుగారి దానశాసనాలు రాసేవాడు. ఎన్నో రాశాడు గాని, ఈ మాటకు మాత్రం ఆయన చేతిలో ఘంటం కదల్లేదు. ఒక్కరోజు గడువు అడిగి బయటికొచ్చేసరికి గంగులమ్మ ఎదురుపడింది.

"అయ్యా, ఆ పొలం మీద పదకొండుమందిమి తింటున్నాం. నా ఆట బాగాలేదని ఒక్కరిచేత అనిపించండి, నేనే వదులుకుని పోతా," అంది.

రాజు మెచ్చిన ఆ వంద ఆటల సంగతేమిటో చూద్దామని, తిప్పన సాయంత్రం భార్య కామాక్షమ్మను వెంటబెట్టుకుని, కాసు కట్టి మంటపానికి వెళ్లాడు.

కామాక్షమ్మ ముచ్చటపడి పలకలో మొదటి ఆట అడిగింది.

"అది పోయిన నెలే పొరుగు రాజ్యానికి వెళ్లిపోయింది తల్లీ," అన్నాడు మంటపం కాపరి.

"పోనీ, రెండోది?"

"దానికి వేరే రెండు కాసులు కట్టాలమ్మా."

"మూడోది?"

"సగందాకా ఆడతాం. మిగతా సగం వచ్చే ఏడు."

నాలుగోది మొదలుపెట్టారు. అసలు ఘట్టం వచ్చేసరికి గానుగ యజమాని ఒకడు తెర ముందుకొచ్చి తన నువ్వుల నూనె గొప్పలు చెప్పసాగాడు. ఐదోది అడిగితే మళ్లీ ఆ నాలుగోదే, పేరు మార్చి ఆడారు.

"ఇంతకంటే ఇంట్లో కూర్చుని పప్పు ఉడకడం చూసినా పొద్దుపోయేది," అని విసుక్కుంది కామాక్షమ్మ. "కాపరీ, ఇదేం అన్యాయమయ్యా?"

"పలక మీద వంద ఉన్నాయి కదమ్మా! ఇంకేం కావాలి?" అన్నాడు వాడు నిష్కపటంగా.

తిప్పనకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఉపాయమూ తట్టింది. పలక ముందు నిలబడి మొత్తం ఆరా తీసి, ఇంటికెళ్లి రాగిరేకు ముందేసుకు కూర్చున్నాడు.

మర్నాడు సభలో చేతులు జోడించాడు. "ప్రభూ, రెండు పుట్ల మాన్యం భట్టుగారి స్థాయికి చిన్నతనం. వంద ఆటలిచ్చిన మహానుభావుడికి వంద ఊళ్లు ఇవ్వడం న్యాయం. శాసనం చెక్కి తెచ్చాను."

భట్టు మొహం చేటంత అయింది. రాజు మాత్రం కంగారుపడి, తిప్పన చెవి దగ్గరికి వంగాడు.

"ఒరే, మన రాజ్యంలో ఉన్నవే నలభై ఊళ్లు!"

"జానెడు నేల కూడా తరగదు ప్రభూ. నా పూచీ."

చందనగిరిలో ఒక ఆచారం ఉంది. దానం పట్టేవాడు శాసనం తానే బిగ్గరగా చదవాలి. ఆ తర్వాతే రాజు నీళ్లు ధారపోస్తాడు. ధార పడకముందు పట్టేవాడు వద్దన్నాడా, దానం రద్దయినట్టే.

"చదవడమెందుకు? వంద అంటే వందే కదా!" అంటూ చెయ్యి చాపేశాడు భట్టు.

"ఆచారం అయ్యా," అని తిప్పన వినయంగా రేకు అందించాడు.

భట్టు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "'మొదటి ఊరు మాచవరం. ఇది పోయిన నెల పొరుగు రాజ్యంలో కలిసినది. రెండో ఊరు చెరుకుపాలెం. దీని పంట కావలెనన్న ఖజానాకు వేరే రుసుము కట్టవలెను. మూడో ఊరు గుండ్లపాడు, సగము. మిగతా సగము వచ్చే ఏడు. నాలుగో ఊరు నేరేడుపాడు. ఐదు మొదలు ఇరవైదాకా కూడా నేరేడుపాడే, పేర్లు మాత్రము వేరు...'"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. భట్టు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది దానమా, దగానా? ఇలాంటి వంద ఎవడిక్కావాలి? నాకొద్దు!" అంటూ రేకు విసిరికొట్టాడు.

తిప్పన దాన్ని మెల్లగా తీసి, అంగవస్త్రంతో తుడిచాడు.

"రేకు మీద వంద ఉన్నాయి కదయ్యా! ఇంకేం కావాలి?"

మంటపానికి కాసు కట్టి వచ్చినవాళ్లు సభలో సగంమంది ఉన్నారు. ఒక్కసారిగా వాళ్లంతా విరగబడి నవ్వారు. విషయమేమిటని రాజు అడిగాడు. పలక ముందు తమకెదురైన జవాబులన్నీ తిప్పన పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అయితే ఆ మంటపం మూయించమంటావా?"

"వద్దు ప్రభూ. కట్టిన కాసుకే నికరంగా చూడగలిగేవి పన్నెండు ఆటలున్నాయి. కాసుకు పన్నెండు చవకే. పలక మీద ఆ పన్నెండే రాయిస్తే నేనే ప్రతినెలా కడతాను."

అప్పుడు నవ్వాడు రాజు, కిరీటం పక్కకు ఒరిగేంతగా. గంగులమ్మ రెండు పుట్ల మాన్యానికి మరో పుట్టి కలిపి శాసనం రాయమన్నాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి తిప్పనకు కప్పాడు. భట్టును పిలిచి, పలకలో ఎనభై ఎనిమిది పేర్లు ఇప్పుడే వెళ్లి నీ చేత్తోనే చెరిపిరా అన్నాడు.