గండి దగ్గర అడిగిన మాట

అనగనగా ఒక ఏటిగట్టు, గట్టు కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో పైడమ్మ అని ఓ కోడలు. ఊ కొట్టండర్రా, నిద్రపోతే నాకు తెలిసిపోతుంది.

పోయినేడు వరదకి గట్టు తెగితే ఊరంతా కలిసి గండి పూడ్చారు. రాజుగారు పల్లకీ దిగి, గుంజలు పాతిన గవరయ్య కండలు చూసి మురిసిపోయి, వాడి చేతికి బంగారు కడియం తొడిగి వెళ్ళిపోయారు. చేతులేమో ఊరందరివీ, కడియమేమో ఒక్కడిదీ! మట్టి ఎవరు తవ్వారు, కంప ఎవరు కొట్టారు, అసలా గండి ఎలా పూడిందీ అని అడిగిన పాపాన పోలేదు. ఊరివాళ్ళూ ఒకరినొకరు అడగలేదు.

ఈ ఏడు మళ్ళీ వరద. మళ్ళీ అక్కడే తెగింది. ఊరి బాట మునిగింది, పారిపోయే దారి లేదు. గండికి ఎదురుగా మొదటి ఇల్లు పైడమ్మదే. లోపల మంచంలో, కాళ్ళు పడిపోయిన అత్త నీలమ్మ. నీళ్ళు గడప దాటాయి.

అందరూ గట్టెక్కారు. కానీ ఈసారి ప్రతివాడి కన్నూ కడియం మీదే. ముందు నేనంటే ముందు నేనని మట్టి తట్టలు విసిరారు. విసిరిన తట్టని విసిరినట్టే ఏరు మింగేసింది. కంప సర్దకముందే గవరయ్య సమ్మెట ఎత్తాడు. పాతిన గుంజ పాతినట్టే కొట్టుకుపోయింది. తట్ట పోయె, గుంజ పోయె, గట్టు పోయె, గడప మునిగె. ఊ కొడుతున్నారా?

రాజుగారేం చేస్తున్నారంటావా? ఎత్తు మీద గొడుగు కింద ఉన్నార్లే.

నీళ్ళు మంచం కోళ్ళకెక్కాయి. పైడమ్మ ఎత్తుకోబోతే అత్త గయ్యిమంది. "నన్ను మోసుకుని ఎక్కడికెళ్తావే? పోయినేడు పూడ్చిన చేతులే కదా అవి, ఈ ఏడు వాటికేమొచ్చింది? పో, వెళ్ళి అడుగు!"

పైడమ్మ పరుగున వెళ్ళి గట్టు మీద అడ్డంగా నిలబడింది. పోయినేడు ఎలా పూడ్చారని అడిగింది. నా గుంజ వల్లంటాడు గవరయ్య, నా తట్ట వల్లంటాడు ఇంకొకడు, నా కంప వల్లంటుంది వేరొకతి. కాళ్ళకింద గట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"నీ సంగతి ఎవరడిగారు గవరయ్య మావా? నీ పక్కవాళ్ళేం చేశారో అది చెప్పు!"

గవరయ్య పక్కన కంప పట్టుకున్న ఆడవాళ్ళ వైపు తిరిగాడు. సమ్మెట దించాడు. ఆడవాళ్ళు కంప గట్టిగా కూరి చెయ్యి ఊపితేనే తను రెండో గుంజ పాతానన్నాడు. తట్టలవాళ్ళు నెత్తిన బరువుతోనే నిలబడి, అందరూ వచ్చాక ఒక్కసారే కుమ్మరించారని ఆడవాళ్ళు చెప్పారు. తవ్వేవాళ్ళు దగ్గరున్న ఇసుక వదిలేసి, దూరమైనా బంకమట్టి దిబ్బకే వెళ్ళారని తట్టలవాళ్ళు చెప్పారు. ఎవరు చేసింది వాళ్ళకి మామూలే. పక్కవాళ్ళకే అది కనిపించింది.

బంకమట్టి తవ్వారు. గుంజ దిగింది, కంప కూరారు. తట్టలెత్తుకుని ఆగారు. కాళ్ళు వణికాయి, మెడలు పీకాయి, ఏరు హోరెత్తింది. ఒక్కరూ తొందరపడలేదు. ఆఖరి తట్ట వచ్చింది.

"వెయ్యండి!" అంది పైడమ్మ.

దభేలున పడింది మట్టి. ఏరు బుసలు కొట్టి పక్కకి తిరిగింది.

పైడమ్మ ఇంటికి పరిగెత్తేసరికి, తడిసిన కోడిపెట్టని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది అత్త. ఇంతసేపా అని తిట్టింది.

అప్పట్నించీ ఆ ఊళ్ళో ఏ పని గెలిచినా, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ప్రతివాళ్ళూ తమ పక్కవాళ్ళేం చేశారో చెప్పాలి. ఓడినప్పుడే కాదర్రా, గెలిచినప్పుడూ ఎలాగో అడిగి తెలుసుకోవాలి. ఆ మొదటి భోజనాల బంతిలో రాజుగారూ కూర్చున్నారు. పక్కనున్నావిడ పేరు కూడా తెలియదాయె! ఆయన అడిగి, విని, అందరికీ చెప్పేదాకా విస్తట్లో మెతుకు పడలేదు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.