విహారం చూపించిన భిక్షువు

కృష్ణా నది నడుమ దీవిలో ఉన్న ఆ పాత విహారానికి యాత్రికులు వస్తే తిప్పి చూపించేది విమలసేనుడే. కాషాయం కట్టి ఏడేళ్ళు. ఆ సాయంత్రం అతను గురువు సోణుత్తర స్థవిరుడి ముందుకు వచ్చి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"భంతే, ఇవాళ పడవలో మా అమ్మ వచ్చింది. నేను ఇల్లు విడిచి వచ్చాక ఇదే మొదటిసారి చూడటం. అందరితో పాటే తనకీ విహారం చూపించి పంపాను. మనసు ఇసుమంతైనా కదల్లేదు. నాకు బంధం తెగినట్టేనా?"

స్థవిరుడు లేచాడు.

"ఆమెకు చూపించినట్టే నాకూ చూపించు."

ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్న మనిషికి ఏం చూపించాలి? అయినా విమలసేనుడు ముందు నడిచాడు.

స్తూపం దగ్గర ఆగాడు. "ఈ రాతిపలకలు ఎగువ కొండల నుంచి తెప్పల మీద తెచ్చారు."

"ఆమె ఏమంది?"

"చిక్కిపోయావేం నాయనా అంది."

"నువ్వేమన్నావు?"

"స్తూపం కట్టి ఎన్నేళ్ళయిందో చెప్పాను."

భిక్షువులు నడుస్తూ ధ్యానం చేసే బాట మీదికి వచ్చారు. పొద్దు వాలినా రాళ్ళు ఇంకా కాలుతూనే ఉన్నాయి.

"ఇక్కడ?"

"ఉత్తకాళ్ళతోనే నడుస్తావా అని అడిగింది. ఈ బాట ఏ రాజు వేయించాడో చెప్పాను." అతని గొంతు కాస్త తగ్గింది.

తర్వాత మామిడితోట. విమలసేనుడు ఒక చెట్టు దగ్గర నిలబడిపోయాడు. గురువు అడగలేదు. అతనే చెప్పాడు.

"ఇక్కడ కొంగుముడి విప్పి నువ్వుండలు తీసింది. మధ్యాహ్నం దాటాక మేం తినం అన్నాను."

"నియమం అదేగా. మరి వాటినేం చేసింది?"

"మళ్ళీ ముడేసుకుంది. తనూ తినలేదు."

ఇద్దరూ రేవు మెట్లు దిగారు. అవతలి ఒడ్డున ఎవరూ లేరు. పడవ కూడా కనిపించడం లేదు.

"ఇక్కడేమంది?"

"ఏమీ అనలేదు. వంగి నమస్కారం పెట్టింది. యాత్రికులంతా పెట్టినట్టే..."

విమలసేనుడు అవతలి ఒడ్డు వైపు తిరిగాడు. "మళ్ళీ వస్తుందా, భంతే?"

స్థవిరుడు ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళనే చూస్తున్నాడు.

"నలభై ఏళ్ళ కిందట నేనూ మా అమ్మకు ఆ స్తూపమే చూపించాను" అన్నాడు.