పోలమ్మ చెప్పని మూడో మాట

ఎర్రగట్టు అడవిలో ఎలుగుబంట్లు ఉండేవి, కొండముచ్చులు ఉండేవి, దుప్పులు, నక్కలు, పునుగుపిల్లులు, లకుముకి పిట్టలు ఉండేవి. ఇంకా చాలా ఉండేవి గానీ, అన్నీ చెబుతూ కూచుంటే కథ మొదలవదు. మనకు కావలసింది ఒక ముళ్ళపంది. దాని పేరు పోలమ్మ. అడవి అడవంతా ఆమెను పెద్దమ్మా అని పిలిచేది.

పోలమ్మకు సొంత పిల్లలు లేరు. తల్లి పోయిన పిల్ల ఎక్కడ కనబడినా తెచ్చి ఆమె బొరియ ముందు దింపేవాళ్ళు. ఆమె దానికి తిండి నేర్పి, కాళ్ళ మీద నిలబడేదాకా సాకేది. ఆ తర్వాత కావలసినవాళ్ళకు అప్పగించేది. తన దగ్గరే ఉంచుకునేది కాదు. ఉంచుకుంటే రేపు వచ్చే పిల్లకు చోటెక్కడ? ఉన్నది ఒక్కటే బొరియ.

అప్పగింతకు ఒక రోజు ఉంది. ఎండలు ముదిరే ముందు ఇప్పపూలు రాలతాయి. తెల్లవారగానే అందరూ ఇప్పచెట్ల కిందికి చేరతారు. అక్కడొక చదును బండ ఉంది. పిల్లను ఆ బండ మీద నిలబెట్టి, సాకినవాళ్ళు మూడు మాటలు గట్టిగా చెప్పాలి. ఇది ఏం తింటుంది? దేనికి భయపడుతుంది? దీనికి ఏం జబ్బుంది? ఆ మూడూ విన్నాకే ఎవరైనా ముందుకొచ్చి తీసుకెళ్ళాలి.

ఎవరూ ముందుకు రాకపోతే రెండే దారులు. సాకినవాళ్ళే దాన్ని ఉంచుకుని, ఇక ఏ పిల్లనూ తీసుకోకుండా ఉండాలి. లేదంటే వాగు అవతల వదిలి రావాలి. అలా వదిలిన పిల్ల ఏమవుతుందో నేను చెప్పను. మీరూ అడగొద్దు.

పోలమ్మ అప్పటికి పందొమ్మిది పిల్లలను అప్పగించింది. పందొమ్మిదిసార్లూ మూడో మాట ఒక్కటే. "జబ్బేం లేదు!"

"నా చేతి మీదుగా వెళ్ళిన పిల్ల ఒక్కటీ వెనక్కి రాలేదు, తెలుసా?" అని కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పేది. చెబుతూ ముళ్ళు గలగలలాడించేది. మంచిదే పాపం, కానీ ఆ ఒక్క విషయంలో గొప్ప ఎక్కువ.

ఇరవయ్యోదిగా వచ్చింది అడవిపిల్లి పిల్ల.

వానాకాలం వాగులో కొట్టుకుపోతుంటే లకుముకి పిట్ట చూసి అరిచింది. దుప్పులు బయటికి లాగాయి. ఒక చెవి చిరిగిపోయి వేలాడుతోంది. అందుకే దానికి చింకి అని పేరు పెట్టింది పోలమ్మ. ముళ్ళన్నీ వెనక్కి మడుచుకుని, మెత్తటి గడ్డం కింద దాన్ని దాచుకుని వెచ్చబరిచింది.

మూడో రోజుకు చింకి ఛాతీలోంచి కీచుకీచుమని చప్పుడు మొదలైంది. పిల్లికూతలు. పిల్లికి పిల్లికూతలేమిటని నవ్వకండి. ఊపిరాడనివాళ్ళ పక్కన కూచుంటే మీకూ నవ్వు రాదు.

పోలమ్మ వాగు గట్టున మొలిచే చేదాకు నమిలి, ఆ రసం రోజుకు ఐదుసార్లు దాని నోట్లో పోసింది. లకుముకి పిట్టను బతిమాలి చేపముక్కలు తెప్పించి కొంచెం కొంచెంగా పెట్టింది. నాలుగు రోజులు బాగుండేది. ఐదో రోజు మళ్ళీ కూతలు. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, కూతలు మాత్రం వెళ్ళలేదు.

ఒక సంగతి పోలమ్మ కనిపెట్టింది. ఘాటు వాసన తగిలితే చింకికి ఊపిరి బిగుసుకుపోతుంది. అడవిమల్లె పూసినా సరే, కుళ్ళిన పండు దగ్గర్లో పడినా సరే. గాలి బాగున్నచోట, ఏ వాసనా లేనిచోట, వేళకు ఆకురసం పోస్తూ ఉంటే ఆ పిల్ల బతుకుతుంది. నయం కాదు గానీ బతుకుతుంది. ఇదంతా ఆమె ఒక్కతికే తెలుసు.

ఇప్పపూల రోజు రేపనగా, నక్కల గుంపువాళ్ళు వచ్చారు. తల్లి చనిపోయిన రెండు నక్కపిల్లలను తెచ్చారు. కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు.

"రేపు చింకి వెళ్ళిపోతుందిగా పెద్దమ్మా? ఎల్లుండి వీళ్ళను దింపుతాం" అన్నారు.

పోలమ్మ ఆలోచనలో పడింది. రేపు నిజం చెబితే జబ్బుపిల్లను ఎవరు తీసుకుంటారు? ఎవరూ తీసుకోరు. చింకిని ఉంచుకుంటే ఈ కళ్ళు తెరవని పిల్లలు ఏమైపోవాలి? వీళ్ళను తీసుకుంటే చింకిని వాగు అవతల ఎలా వదలాలి? ఎటు చూసినా ఒక పిల్ల ప్రాణమే. ఆ బాధ నిజమే, నేను కాదనను. కానీ ఆ బాధ కింద ఇంకోటి కూడా ఉంది. పందొమ్మిది పిల్లలకు లేని జబ్బు ఇరవయ్యో పిల్లకు ఉందని నలుగురిలో చెప్పాలంటే ఆమెకు నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం చింకిని దగ్గరకు తీసుకుంది.

"అమ్మడూ, రేపు బండ మీద కూత వినపడకూడదు. వచ్చినట్టనిపిస్తే బిగబట్టెయ్యి."

"ఎంతసేపు పెద్దమ్మా?"

"వాళ్ళు నిన్ను తీసుకెళ్ళేదాకా."

"తీసుకెళ్ళాక?"

పోలమ్మ దాని చిరిగిన చెవిని ఒకసారి నాకింది. తర్వాత, "అక్కడా అంతే తల్లీ. నిన్ను వెనక్కి పంపెయ్యకూడదు కదా!" అంది.

"సరే పెద్దమ్మా" అంది చింకి. అది చెప్పిన మాట వినే పిల్ల.

మర్నాడు పొద్దున్నే చింకి నోట్లో రెండింతలు ఆకురసం పోసింది పోలమ్మ. ఒళ్ళంతా నాకి నున్నగా చేసింది. బండ మీద నిలబడితే ఎంత ముద్దుగా ఉందో! ఎలుగుబంటి తాత అందరికంటే పెద్దవాడు కాబట్టి ఆ రోజు పెద్దరికం ఆయనదే. అప్పటికే కడుపునిండా ఇప్పపూలు తిని కాస్త తూలుతున్నాడు.

"ఊఁ, చెప్పు పోలమ్మా" అన్నాడు.

"చేపముక్కలు తింటుంది. ఉరుముకు భయపడుతుంది." పోలమ్మ గొంతు ఇంకాస్త పెంచింది. "జబ్బేం లేదు."

అప్పుడే చింకి ఛాతీలో చిన్న కూత మొదలైంది. పోలమ్మ గబగబా ముళ్ళన్నీ గలగలలాడించింది. ఆ చప్పుడులో కూత కలిసిపోయింది.

కొండముచ్చు వీరక్క మాత్రం ముందుకు జరిగింది. ఆమె కొండ కొమ్మున ఒంటరిగా ఉంటుంది. ఉన్న ఒక్క కొడుకూ కిందటేడు పోయాడు.

"పెద్దమ్మా, ఆ పిల్ల పక్కలు ఎందుకలా ఎగురుతున్నాయి? ఆయాసమేమైనా ఉందా?" అని అడిగింది మెల్లగా. "ఉంటే చెప్పు. నాకు ఫర్వాలేదు. మావాడికి కూడా అదే ఉండేది. ఎలా చూసుకోవాలో నాకు తెలుసు. పైన గాలి కూడా బాగుంటుంది."

వినండి పిల్లలూ, అడిగినవాళ్ళు ఇంతకంటే మంచిగా ఎలా అడుగుతారు? దేవుడే దిగొచ్చి అడిగినా అంత మంచిగా అడగడు. కానీ పోలమ్మకు నలుగురూ తనవైపే చూస్తున్నట్టనిపించింది. రోషం ముంచుకొచ్చింది.

"నా దగ్గర పెరిగిన పిల్లకు జబ్బా? నోటికొచ్చినట్టు మాట్లాడకు వీరక్కా! ఇప్పటిదాకా నా చేతి మీదుగా వెళ్ళిన పిల్ల ఒక్కటైనా వెనక్కొచ్చిందా, చెప్పు!"

వీరక్క తల దించుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు పునుగుపిల్లి సుగంధి వచ్చింది. అడవిలో ఆమె ఎటు వెళ్ళినా వాసన ముందే వచ్చేస్తుంది. "నేను తీసుకెళ్తాను పెద్దమ్మా, నా ప్రాణంలా చూసుకుంటాను" అంది. మనసు మంచిది. మూడు మాటలూ శ్రద్ధగా విన్నది, నమ్మింది.

ఘాటు వాసన సంగతి పోలమ్మకు తెలుసు కదా. తెలిసి కూడా, అంత ఘాటేం కాదులే అని తనకు తనే చెప్పుకుంది. చింకి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నోరు గట్టిగా మూసుకునే ఉంది.

ఎల్లుండి కాస్తా వచ్చింది. నక్కపిల్లలు బొరియలోకి వచ్చాయి. ఆ పనిలో రెండు రోజులు గడిచిపోయాయి.

అప్పగించిన నాలుగో రోజు పొద్దున సుగంధి పరుగెత్తుకుంటూ వచ్చింది. నోట చింకిని కరుచుకుని ఉంది. చింకి కాళ్ళు వేలాడుతున్నాయి. పెదవులు నీలంగా మారాయి.

"ఏమైందో తెలియడం లేదు పెద్దమ్మా!" అని ఏడ్చేసింది సుగంధి. "మా ఇంటికి వచ్చిన పిల్లకు మా వాసన పూస్తాం, అదే మా పద్ధతి. రోజూ పొద్దునా సాయంత్రం ఒళ్ళంతా పూశాను. నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. ఒక్కసారైనా దగ్గలేదు, ఒక్కసారైనా బాధగా ఉందని చెప్పలేదు. ఇవాళ ఉన్నట్టుండి కూలిపోయింది."

పోలమ్మకు అంతా అర్థమైంది. వాగు దగ్గరకు పరుగెత్తి చేదాకు తెచ్చింది. నమిలి రసం పోసింది. రసం పెదవి పక్కనుంచి కారిపోయింది. చింకిని వాగు నీళ్ళతో కడిగింది, ఇసుకతో రుద్దింది, మళ్ళీ కడిగింది. వాసన కొంచెం పోయింది గానీ లోపలికి వెళ్ళింది ఎలా పోతుంది?

చింకి కళ్ళు తెరిచింది.

"పెద్దమ్మా, నేను బిగబట్టాను. ఆవిడకు ఒక్కసారి కూడా వినపడనివ్వలేదు." మాట మాటకూ ఆగుతోంది. "ఇవాళ నా వల్ల కాలేదు. వెనక్కి వచ్చేశాను. నీకు కోపం వచ్చిందా?"

పోలమ్మ దాని పెదవి పక్కన కారిన రసం తుడిచింది.

చింకిని సుగంధికి దూరంగా గాలి వీచేచోట పడుకోబెట్టింది. తను కొండ కిందికి పరుగెత్తింది. ముళ్ళపంది ఆ నిటారు కొండ ఎక్కలేదు. అందుకని కింద నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"వీరక్కా! అది చేపముక్కలు తింటుంది! ఉరుముకు భయపడుతుంది! దానికి ఊపిరి జబ్బుంది! నా దగ్గరకు వచ్చినప్పటినుంచీ ఉంది! ఘాటు వాసన పడదు! నేను దాచాను! నేనే దాచాను!"

అడవంతా విన్నది. వీరక్క కొమ్మలు పట్టుకుని దిగి వచ్చింది. చింకి ఛాతీ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"పైకి తీసుకెళ్ళు వీరక్కా, నీకే అప్పగిస్తున్నాను" అంది పోలమ్మ.

వీరక్క తల అడ్డంగా ఊపింది. "ఆరోజు ఇచ్చి ఉంటే తీసుకెళ్ళేదాన్ని. ఇప్పుడు మోసుకెళ్తే దారిలోనే పోతుంది పెద్దమ్మా. ఇక్కడే ఉండనీ. పడుకోబెట్టకు, ఊపిరాడదు. నిటారుగా పట్టుకుందాం."

ఇద్దరూ చెరో పక్క కూచుని దాన్ని నిలబెట్టి పట్టుకున్నారు. చింకి ఇంకా నోరు మూసుకునే ఉంది. పక్కలు ఎగురుతున్నాయి గానీ చప్పుడు రావడం లేదు.

"ఇప్పటికీ బిగబడుతోంది" అంది వీరక్క. "వద్దని నువ్వే చెప్పు. అది నీ మాటే వింటుంది."

పోలమ్మ వంగి దాని చిరిగిన చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మడూ, ఇంక బిగబట్టొద్దు. ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా రానీ. నాకేం కోపం లేదు. నువ్వు చాలా మంచిదానివి."

చింకి నోరు తెరిచింది. కూత వచ్చింది, ఒకదాని వెనక ఒకటి. నెలల తరబడి పోలమ్మ దాచిన చప్పుడంతా బయటికి వచ్చింది. దుప్పులు మేత మానేసి నిలబడ్డాయి. ఎలుగుబంటి తాత చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. సుగంధి దగ్గరకు రాలేక, వెళ్ళిపోలేక వాగు గట్టునే ఏడుస్తూ కూచుంది.

మర్నాడు ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు ఆ చప్పుడు ఆగిపోయింది.

పోలమ్మ వదల్లేదు. ఎంతసేపు పట్టుకుని కూచుందో ఆమెకే తెలియదు. చివరికి వీరక్కే చింకిని ఆమె చేతుల్లోంచి తీసుకుని, గాలి బాగా వీచే కొండ కొమ్మున గొయ్యి తీసి పాతిపెట్టింది. పోలమ్మ కొండ ఎక్కలేదు కాబట్టి ఆ చోటు ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఇప్పపూలు రాలాయి. పోలమ్మ రెండు నక్కపిల్లలను తీసుకుని బండ దగ్గరకు వచ్చింది. మొదటిదాన్ని నక్కల గుంపువాళ్ళే వెంటనే తీసుకెళ్ళారు. రెండోదాన్ని బండ మీద నిలబెట్టి పోలమ్మ ఇలా అంది.

"ఇంతకుముందు నా చేతి మీదుగా వెళ్ళిన పిల్లల్లో ఒకటి వెనక్కి వచ్చింది. దాని పేరు చింకి. దాని జబ్బు నేను చెప్పలేదు. అందుకే అది చచ్చిపోయింది. ఇప్పుడు దీని సంగతి చెబుతాను. దీనికి మూర్ఛ వస్తుంది. నెలకు రెండు మూడుసార్లు కాళ్ళు కొట్టుకుని పడిపోతుంది. నయం అవుతుందో లేదో నాకు తెలియదు. ఎలకలు తింటుంది. నీళ్ళకు భయపడుతుంది."

ఎవరూ కదల్లేదు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఇప్పపూలు రాలుతూనే ఉన్నాయి. పోలమ్మ ముళ్ళన్నీ ఒంటికి ఆనించుకుని నిలబడింది, ఒక్కటి కూడా చప్పుడు కాకుండా. ఎవరూ రాకపోతే దాన్ని తానే ఉంచుకుని బొరియ మూసెయ్యాలని నిశ్చయించుకునే వచ్చింది.

అప్పుడు వెనకనుంచి వీరక్క గొంతు వినబడింది.

"పడిపోయినప్పుడు ఏ పక్కకు తిప్పాలి పెద్దమ్మా?"

పోలమ్మ చెప్పింది. వీరక్క ఇంకా చాలా అడిగింది. అడిగినవాటికల్లా పోలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తెలియనివాటికి తెలియదంది. వీరక్క నక్కపిల్లను చంకనెత్తుకుని కొండ మీదికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ నక్క అక్కడే ఉందట. అప్పుడప్పుడు పడిపోతుందట, మళ్ళీ లేస్తుందట.

పోలమ్మ ఒంటరిగా బొరియకు నడిచింది. ఏ పిల్లనైనా మంచి చోటికి పంపిన రోజు ముళ్ళు గలగలలాడించుకుంటూ వెళ్ళడం ఆమెకు అలవాటు. ఆ రోజు దారి పొడుగునా ఒక్క ముల్లు కూడా మోగలేదు.

నీతి: మన గొప్ప నిలుపుకోవడానికి ఇంకొకరి నొప్పిని దాచకూడదు. చెబితే ఎవరూ తీసుకోరేమో అన్న భయం ఉన్నా చెప్పాలి. దాచి అప్పగిస్తే, తీసుకున్నవాళ్ళకు ఎంత ప్రేమ ఉన్నా ఆ ప్రాణాన్ని కాపాడలేరు.