గుంతలోకి పలికిన మాట

ఒకానొక సీమలో, మాఘ శుద్ధ దశమి గురువారం నాడు, పొద్దు పొడిచి మూడు గడియలైన వేళ జరిగిన సంగతి ఇది. మా అవ్వ దేవుని ముందు దీపం పెట్టాక చెప్పేది. మేము తిరిగి చెప్పేటప్పుడు తిథి తప్పితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేది.

ఆ సీమను గజకేసరి నాయనివారు ఏలేవారు. మనిషి చెడ్డవారు కారు గానీ, తమ నోట వచ్చిన మాటకు తిరుగులేదని గట్టి నమ్మకం. కరువుకు వలస వచ్చిన నలభై కుటుంబాలకు చోటిస్తూ, కోట కిటికీలోంచి చూడటానికి అందంగా ఉంటుందని ఎదురుగా ఉన్న బోడిగుట్టను చూపించి, ఇదే మీ ఊరు అన్నారు.

గుట్ట మీద చుక్క నీరు లేదు. ఆడవాళ్లు కింద వంకలో ఉన్న ఊట దాకా దిగి, కడవలు మోసుకుంటూ ఎక్కేవారు. మా వంశానికి మూలపురుషుడైన ఓబుళప్ప భార్య సుంకమ్మ కూడా అట్లాగే మోసేది. ఆమెకు అప్పుడు ఏడో నెల. ఊరిని వంక పక్కకు మార్చమని ఓబుళప్ప రెండుసార్లు కోటకు వెళ్లి వేడుకున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదని నాయనివారు పంపేశారు.

"మూడోసారి నువ్వు పోవద్దులే" అంది సుంకమ్మ. "ఆయన్నే రానీ."

బొడ్రాయి నాటే రోజు వచ్చింది. ఊరి నడిబొడ్డున ఆ రాయి నిలిస్తేనే ఊరు ఊరవుతుంది. నిలిచాక ఇక కదిలించకూడదు. ఆ నేలలో పడిన నీళ్లతోనే రాయికి తొలి స్నానం చేయించాలని మావాళ్ల ఆచారం. అందుకని ఓబుళప్ప నాలుగు నిలువుల లోతు గుంత తవ్వించాడు. అడుగున దుమ్మే.

నాయనివారు పల్లకి దిగి, ఇంకా ఆలస్యమెందుకని అడిగారు. ఓబుళప్ప చేతులు కట్టుకున్నాడు.

"స్వామీ, తమరు 'ఊరు' అన్నారు, గుట్ట ఊరైంది. ఆ ఒక్క మాటే ఈ గుంతతో కూడా అంటే చాలు."

నాయనివారు మీసం దువ్వి, గుంత మీదికి వంగి, "ఊరు" అన్నారు.

"ఊరు" అని గుంత తిరిగి పలికింది. నీరు మాత్రం ఊరలేదు. రెండోసారి ఇంకా వంగి గట్టిగా అన్నారు. తలపాగా జారి అడుగున పడింది. ఒక కుర్రాడు దిగి తెచ్చి ఇస్తే, ఒక్క పోగూ తడవలేదు.



"మమ్మల్ని ఆట పట్టిస్తున్నావా, ఓబుళూ?"

"లేదు స్వామీ. తమ మాట వినని నేల మీద తమ బిడ్డలను ఎట్లా ఉంచేదని నా భయం. కింద వంక పక్కన నేల ఉంది. తమరు చెప్పకముందే ఊరుతోంది."

నాయనివారు తలపాగా దులిపి తలకు చుట్టుకున్నారు.

"చెప్పకముందే మా ఆజ్ఞ పాటించే నేలా? ఆ సంగతి ముందే చెప్పవేం?"

"రెండుసార్లు చెప్పాను స్వామీ. అప్పుడు గుంత లేదు."

నాయనివారికి నవ్వు ఆగలేదు. బొడ్రాయిని తమ పల్లకిలో పెట్టించి, తాము వెనక నడుస్తూ గుట్ట దిగి, వంక పక్కన నాటించారు. ఊరి నీళ్లు పంచే పనిని, దానికి తగిన మాన్యాన్ని ఓబుళప్పకు ఇచ్చారు. ఆ ఊరే మా ఊటపల్లె. తర్వాత పుట్టిన మూడు పల్లెలూ ఆ వంక వెంబడే వెలిశాయి.

మరునాడు తెల్లవారగానే సుంకమ్మ నాలుగడుగులు నడిచి, తొలి కడవ తెచ్చి బొడ్రాయికి పోసింది. రెండో కడవతో ఎసరు పెట్టింది. ఓబుళప్ప మాత్రం పార భుజాన వేసుకుని మళ్లీ గుట్టెక్కాడు. మేకలు పడతాయని, ఆ ఎండు గుంతను పూడ్చి వచ్చి అన్నానికి కూర్చున్నాడు.