తేనె చరియ మీద తాడు

అనగనగా ఒక కొండ, ఆ కొండకు నిట్టనిలువు చరియ, ఆ చరియ నిండా తేనెపట్లు. కొండపైన తేనె తీసి బతికే ఊరొకటి ఉండేది. పదిహేనేళ్లు నిండిన పిల్లలు తీగల నిచ్చెన మీద ఒంటరిగా దిగి తొలి పట్టు కోసుకు రావాలి. వాళ్ల నడుముకు కట్టిన తాడు కొసను కన్నవాళ్లే పట్టుకోవాలి. పైవాళ్లు తాడు కదిపితే "క్షేమమా?" అని అడిగినట్టు. కిందివాళ్లు కదిపితే "క్షేమమే" అన్నట్టు. అదీ అక్కడి ఆచారం.

గాసన్న పులి ఎదురైనా బెదరని మనిషి. కూతురు సోమిలి వంతు వచ్చేసరికి మాత్రం మూడు రోజులు అన్నం సయించలేదు.

"జాగ్రత్త తల్లీ," అన్నాడు. ఆ మాట అనడం అప్పటికి వందోసారి.

"నువ్వు నేర్పిన పనే కదా అయ్యా," అని నవ్వి, సోమిలి పొగ కాగడా పట్టుకుని దిగింది. నాలుగు మెట్లు దిగగానే చరియ చాటున కనిపించకుండా పోయింది.

గాసన్న ఆగలేకపోయాడు. తాడు కదిపాడు. కింద నుంచి తాడు కదిలింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య ఎంతసేపని? పది ఊపిరులు కూడా నిలవలేదు.

మళ్లీ కదిపాడు. ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. తేనెటీగల రొద పెరిగింది.

మూడోసారి గట్టిగా కదిపాడు. జవాబు లేదు. రాళ్లు జారి లోయలో పడ్డ చప్పుడు వినిపించింది. గాసన్నకు పైప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులా తాడు లాగబోయాడు.

"అయ్యా, లాగకు!" కింద నుంచి సోమిలి కేక. "ఒక చేత కాగడా, ఒక చేత నిచ్చెన ఉన్నాయి. నీకు జవాబు చెప్పాలంటే నిచ్చెన వదలాలి. ఇప్పుడే కాలు జారింది. తేనెటీగలకు నేను భయపడటం లేదయ్యా, నీ తాడుకే భయపడుతున్నాను!"

గాసన్న లాగబోయిన చేతులు ఆపేశాడు. తాడు వదిలితే, పిల్ల జారినప్పుడు దిక్కుండదు. లాగితే తానే పడేస్తాడు. తాడు తన నడుముకు చుట్టుకుని, బండకు కాళ్లు తన్నిపెట్టి కదలకుండా కూర్చున్నాడు. ఈగల రొద హెచ్చింది, తగ్గింది, ఆగిపోయింది. ఆగిపోయినప్పుడే మరీ భయం వేసింది. కుడిచెయ్యి తాడు కదపబోతే ఎడమచేత్తో పట్టి ఆపుకున్నాడు.

చాలాసేపటికి చరియ అంచు మీద ఒక చెయ్యి కనిపించింది. ఆ వెనకే ఈగ కుట్టి ఉబ్బిన చెంపతో సోమిలి, ఆమె భుజాన తేనెబుర్ర.

"ఇంకా వణుకుతున్నావేంటయ్యా? భయం పోలేదా?"

"పోలేదమ్మీ. పోదు కూడా. ఇకమీదట దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను, నీ నడుముకు కట్టను."

పిల్లలు జారితే పట్టుకోవడానికి పెద్దలు సిద్ధంగా ఉండాలి గానీ, తమ భయానికి మాటిమాటికీ జవాబు చెప్పమని వాళ్లను అడగకూడదు.